పాత సింగిల్ యాక్షన్ రివాల్వర్ పదికాలాలు పనిచేయాలంటే: తనిఖీ, మరమ్మతు, వాడకం

పాత సింగిల్ యాక్షన్ రివాల్వర్ (ప్రతి గుండుకీ హ్యామర్‌ని, అంటే సుత్తిని, చేత్తో వెనక్కి లాగాల్సిన రకం) మొరాయిస్తే చాలామంది ముందుగా ఫ్రేమ్‌నో బ్యారెల్‌నో అనుమానిస్తారు. తగిన తూటాలు వాడినంతకాలం ఆ రెండూ మనిషి ఆయుష్షు దాటి నిలుస్తాయి. అరిగేవీ విరిగేవీ లోపలి చిన్న ముక్కలు. సిలిండర్‌ని తిప్పే హ్యాండ్, కింద నుంచి లేచి సిలిండర్‌ని గంటులో ఆపే బోల్ట్, వాటి వెనక ఉండే పట్టీ స్ప్రింగులు, ట్రిగ్గర్ మొన, నాలుగైదు స్క్రూలు. ఈ ముక్కల మధ్య లయ తప్పిందంటే సిలిండర్ గంటుల అంచులు దెబ్బతింటాయి. సిలిండర్ మార్చాల్సి వస్తే అది పెద్ద ఖర్చు. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ చోటు ఆ లయకే.

ఇక్కడ ప్రధానంగా చెప్పేది 1873లో అమెరికా సైన్యం స్వీకరించిన కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ గురించీ, అదే అమరికతో వచ్చిన నకళ్ల గురించీ. 1953లో సింగిల్ సిక్స్‌తో, 1955లో బ్లాక్‌హాక్‌తో వచ్చిన పాత రూగర్‌లకూ చాలావరకు ఇదే వర్తిస్తుంది. వాటిలో పట్టీ స్ప్రింగుల బదులు చుట్ట స్ప్రింగులు ఉంటాయి, కాబట్టి స్ప్రింగుల బెడద తక్కువ.

ముందు ఖాళీ చేయండి

ఏ పరీక్షకైనా ముందు తూటాలన్నీ ఆ గదిలో నుంచే తీసేయండి. హ్యామర్‌ని సగం దాకా, అంటే రెండో క్లిక్ వరకు లాగి, సిలిండర్ వెనక తూటాలు నింపే చిన్న తలుపు, గేట్, తెరవండి. సిలిండర్‌ని ఒక్కో ఛాంబర్ చొప్పున తిప్పుతూ ఆరింటినీ కంటితో చూడండి, చిటికెన వేలితో తడమండి. ఒక చుట్టు అయ్యాక మళ్లీ ఇంకో చుట్టు తిప్పండి. 1973 తర్వాతి రూగర్‌లలో హ్యామర్ లాగక్కర్లేదు, గేట్ తెరిస్తే చాలు, సిలిండర్ తిరుగుతుంది.

సుత్తిముక్కు, అంటే ఫైరింగ్ పిన్, పాత కోల్ట్‌లో హ్యామర్‌కే బిగించి ఉంటుంది. ఖాళీ ఛాంబర్ మీద పదేపదే కొడితే దాని మొనా, అది దూరే రంధ్రం అంచూ నలుగుతాయి. పరీక్షలకు డమ్మీ తూటాలు, అంటే స్నాప్ క్యాప్‌లు, ఆరు కొని పెట్టుకోండి.

మీ చేతిలో ఉన్నది ఏ కాలంది?

ఈ సంగతి తేలకుండా తూటాల ఊసు ఎత్తకూడదు. కోల్ట్ మొదటి తరం 1873 నుంచి రెండో ప్రపంచయుద్ధం తొలినాళ్ల దాకా వచ్చింది. రెండో తరం 1956లో మొదలైంది, మూడో తరం 1976లో. స్మోక్‌లెస్ పౌడర్ (పొగ తక్కువ వచ్చే కొత్తరకం మందు) తూటాలకు ఈ రివాల్వర్ తగునని కోల్ట్ పూచీ ఇచ్చింది 1900లో, వరుస సంఖ్య సుమారు 1,92,000 దగ్గర. అంతకు ముందువి బ్లాక్ పౌడర్, అంటే పాతకాలపు నల్లమందు, కోసం చేసినవి. వాటి లోహం మెత్తన, వేడిచేసి గట్టిపరిచే పద్ధతి కూడా తర్వాతి వాటి లాంటిది కాదు.

ఫ్రేమ్ ముందుభాగం చూస్తే ఒక గుర్తు దొరుకుతుంది. సిలిండర్ తిరిగే ఇరుసైన బేస్ పిన్‌ని ఫ్రేమ్ ముందు నుంచి ఏటవాలుగా వచ్చే స్క్రూ పట్టి ఉంచితే అది బ్లాక్ పౌడర్ ఫ్రేమ్. పక్క నుంచి పక్కకు పోయే, స్ప్రింగు గల గొళ్లెం ఉంటే తర్వాతిది. కానీ 1890లలో ఈ గొళ్లెం వచ్చాక కూడా 1900 దాకా పూచీ లేదు. అందుకని గొళ్లేన్ని మాత్రమే నమ్మకండి, వరుస సంఖ్య చూడండి. ఫ్రేమ్, ట్రిగ్గర్ గార్డ్, బ్యాక్‌స్ట్రాప్ (పిడి వెనక లోహపు పట్టీ) మీద ఉన్న సంఖ్యలు ఒకదానితో ఒకటి కలవాలి. కలవకపోతే ముక్కలు వేరే తుపాకీ నుంచి వచ్చి చేరాయి. అలాంటప్పుడు సిలిండర్ ఏ కాలానిదో విడిగా తేల్చుకోవాలి, ఎందుకంటే ఒత్తిడి మోసేది సిలిండరే.

తూటాల విషయంలో లెక్క సూటిగా ఉంది. .45 కోల్ట్‌కి ప్రామాణిక గరిష్ఠ ఒత్తిడి 14,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). .357 మ్యాగ్నమ్‌కి 35,000. ఆధునిక బ్లాక్‌హాక్‌ల కోసం మాత్రమే అని తూటాలు సొంతంగా నింపుకునేవారి రీలోడింగ్ పట్టికల్లో వేరుగా ఇచ్చే .45 కోల్ట్ లోడ్‌లు పాత కోల్ట్‌లో ఒక్కటి కూడా పేల్చకూడదు. తూటా ఛాంబర్‌లో చక్కగా పడుతుంది, అదే ప్రమాదం. కోల్ట్ సిలిండర్‌లో బోల్ట్ గంటు సరిగ్గా ఛాంబర్ మీదే తవ్వి ఉంటుంది, గోడ అత్యంత పలచనైన చోటు అదే, పగిలితే అక్కడే పగులుతుంది. 1900కి ముందుదానికి బ్లాక్ పౌడర్ తప్ప వేరేది వద్దు. తర్వాతి మొదటి తరానికి 250–255 గ్రెయిన్ల మెత్తని సీసం గుండు, సెకనుకు 750–850 అడుగుల వేగం చాలు.

గుండు మందం కూడా చూసుకోండి. యుద్ధానికి ముందరి .45 బ్యారెల్ లోపలి మెలిక గాడుల వ్యాసం సుమారు .454 అంగుళం, తర్వాతి వాటిలో .451–.452. కొత్త కొలత గుండు పాత బ్యారెల్‌లో వదులుగా పోతుంది. వేడి గ్యాస్ దాని పక్కనుంచి దూరి సీసాన్ని గాడులకు అతికిస్తుంది.

లయ పరీక్ష

సిలిండర్ మీద ఆరు ఛాంబర్లకూ చిన్న టేపు ముక్కలతో 1 నుంచి 6 దాకా గుర్తులు పెట్టండి. ప్రతి పరీక్షా ఆరింటి మీదా చేయాలి. ఐదు బాగుండి ఒకటి తప్పడం మామూలే.

సరైన కోల్ట్‌లో హ్యామర్ లాగితే నాలుగు క్లిక్‌లు వినిపిస్తాయి: సేఫ్టీ గంటు, సగం లాగుడు, బోల్ట్ సిలిండర్ మీద పడటం, పూర్తి లాగుడు. మూడో క్లిక్కే ఈ యంత్రం ఆరోగ్యాన్ని చెబుతుంది.

మొదటి పరీక్ష, నెమ్మదిగా లాగడం. ఎడమ చేతి వేలిని సిలిండర్ మీద తేలిగ్గా ఆన్చి కొంచెం అడ్డుకుంటూ హ్యామర్‌ని మెల్లగా వెనక్కి తీయండి. హ్యామర్ పూర్తి లాగుడులో ఆగేసరికి బోల్ట్ గంటులో కూర్చుని ఉండాలి. హ్యామర్ ఆగినా సిలిండర్ ఇంకా కొద్దిగా ముందుకు తిప్పితేగానీ తాళం పడకపోతే హ్యాండ్ పొట్టిదైపోయింది. దాని కొస అరిగింది, లేదా సిలిండర్ వెనక పళ్లు అరిగాయి. అన్ని ఛాంబర్లలోనూ అలాగే ఉంటే హ్యాండ్‌ని అనుమానించండి, ఒకటి రెండింటిలోనే ఉంటే ఆ పళ్లను.

రెండోది, వేగంగా లాగడం. మామూలుగా కాల్చేటప్పటి వేగంతో లాగి చూడండి. బోల్ట్ పట్టకుండా సిలిండర్ గంటు దాటిపోతే బోల్ట్ స్ప్రింగ్ మెత్తబడింది, లేదా గంటు అంచు గుండ్రంగా అరిగింది. ఇది నెమ్మది పరీక్షలో బయటపడదు, రెండూ చేసి తీరాలి.

మూడోది సిరా పరీక్ష. ఒక గంటు చుట్టూ మార్కర్ సిరా పూయండి. పదిసార్లు లాగి మెల్లగా వదలండి. బోల్ట్ తల సిరాని ఎక్కడి నుంచి గీరిందో భూతద్దంతో చూడండి. ప్రతి గంటుకీ ముందు ఒక ఏటవాలు దారి ఉంటుంది. గీత ఆ దారిలో మొదలైతే లయ సరిగ్గా ఉంది. దారి కంటే చాలా ముందే మొదలైతే బోల్ట్ తొందరగా పడుతోంది. సిలిండర్ చుట్టూ వడ్డాణంలా కనిపించే మెరిసే గీత అలా పడిందే. బోల్ట్ తొందరపడటం వల్ల అందం పోతుంది, బోల్ట్ తల అరుగుతుంది. ఆలస్యమైతే నష్టం ఎక్కువ, ఎందుకంటే తిరుగుతున్న సిలిండర్ బరువంతా గంటు అంచుకి ఒక్కసారిగా తగులుతుంది. గంటు అంచు మీద గోరు నడపండి. చిన్న మిట్టలా తగిలితే అక్కడ లోహం నలిగి పైకి లేచింది.

నాలుగోది, సగం లాగుడులో సిలిండర్ తేలిగ్గా తిరగాలి, బోల్ట్ తల ఎక్కడా రాసుకోకూడదు.

ఐదోది, పూర్తి లాగుడులో ట్రిగ్గర్ ముట్టకుండా హ్యామర్ వెనక బొటనవేలు పెట్టి ముందుకు నెట్టండి. జారిందంటే ఆ తుపాకీ కాల్చడానికి పనికిరాదు. ట్రిగ్గర్ మొన చాలా పలచన. సేఫ్టీ గంటులో ఉండగా హ్యామర్ మీద దెబ్బ తగిలితే ఆ మొనో గంటో విరుగుతుంది. సేఫ్టీ గంటు అనే పేరు చూసి దాన్ని నమ్మి ఆరు తూటాలు నింపుకోకూడదు అనడానికి కారణం ఇదే.

లయ సరిచేసేటప్పుడు ఒక్క నియమం: చవకైన ముక్కని అరగదీయండి, ఖరీదైనదాన్ని ముట్టకండి. హ్యాండ్ పొట్టిదైతే కొంచెం పొడవైన కొత్తది తెచ్చి, నూనెరాయి మీద నాలుగు రుద్దులు రుద్ది, బిగించి, ఆరు ఛాంబర్లూ చూసి, మళ్లీ విప్పండి. విసుగు పుట్టే పనే, కానీ రుద్దిన లోహం తిరిగి రాదు. మరీ పొడవుంటే బోల్ట్ కూర్చున్నాక కూడా హ్యాండ్ సిలిండర్‌ని తోస్తూనే ఉంటుంది, హ్యామర్ బిగుసుకుపోయి పూర్తి లాగుడుకు చేరదు. సిలిండర్ పళ్లను ఆకురాయితో ఎప్పుడూ ముట్టకండి. బోల్ట్ పడే వేళని హ్యామర్ పక్కనున్న చిన్న బొడిపె, క్యామ్, దాని మీద జారే బోల్ట్ కాలు కలిసి నిర్ణయిస్తాయి. కొత్త బోల్ట్ కాలుని కొద్దికొద్దిగా మలచి వేళ సరిచేస్తారు. క్యామ్‌ని కాదు. పాతకాలంలో హ్యాండ్‌ని సుత్తితో కొట్టి సాగదీసేవారు. అలా సాగిన కొస త్వరగా అరుగుతుంది, కొత్తది వేయడమే మేలు.

సందులు కొలవడం

ఫీలర్ గేజ్ ఒకటి చాలు. హ్యామర్ పూర్తిగా దించి సిలిండర్‌ని వెనక్కి నెట్టి, సిలిండర్ ముఖానికీ బ్యారెల్ వెనక కొసకీ మధ్య సందు కొలవండి. తర్వాత సిలిండర్‌ని ముందుకు నెట్టి మళ్లీ కొలవండి. రెండింటి తేడాయే ముందువెనకల లూజు. 0.05 మిల్లీమీటర్ దాకా మంచిదే. 0.1కి చేరితే సరిచేయించాలి. ప్రతి పేలుడుకీ సిలిండర్ ఒక సుత్తిలా వెనక్కి కొట్టుకుంటుంది, లూజు పెరిగేకొద్దీ ఆ దెబ్బ పెరుగుతుంది, దెబ్బ పెరిగేకొద్దీ లూజు పెరుగుతుంది.

వెనక్కి నెట్టినప్పటి సందు 0.10 నుంచి 0.20 మిల్లీమీటర్ల మధ్య ఉంటే హాయి. 0.25 దాటితే పక్కలకు సీసం తునకలు ఎగరడం, వేగం తగ్గడం మొదలవుతాయి. బ్లాక్ పౌడర్‌కి మరీ బిగువు సందు వద్దు, రెండు మూడు సిలిండర్లు కాల్చేసరికి మసి పట్టి తిరగదు.

మొదటి, రెండో తరం కోల్ట్‌లలో సిలిండర్ మధ్య విడిగా వచ్చే బుషింగ్ ఉంటుంది. లూజు పెరిగితే కాస్త పొడవైన బుషింగ్ వేసి అమర్చుకోవచ్చు. బుషింగ్ లేనివాటిలో పలచని ఉక్కు వాషర్లు వాడతారు. ఎవరైనా సందు ఎక్కువుందని నేరుగా బ్యారెల్‌ని వెనక్కి దింపుదామంటే ఆపండి. ముందు లూజు, తర్వాతే సందు.

సిలిండర్, బ్యారెల్ గోడలు

సిలిండర్ బయటి వైపున ప్రతి గంటు మీదుగా పొడవునా ఉక్కు స్కేలు అంచు ఆన్చి వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి. స్కేలు మధ్యలో ఎత్తుగా ఊగితే అక్కడ ఉబ్బింది. ఛాంబర్ లోపల గంటు కింద మెరిసే బొడిపె కనిపించినా అదే అర్థం. కాల్చిన కేసులు, అంటే తూటా గుల్లలు, ఒకే ఛాంబర్‌లో ఇరుక్కుంటున్నా అనుమానించండి. ఉబ్బిన సిలిండర్‌కి మరమ్మతు లేదు.

బ్యారెల్‌లో వెలుతురు నింపి చూస్తే గాడుల వెంట నీడ ఉంగరంలా ఒకచోట చుట్టుకుని కనిపిస్తే, ఎప్పుడో ఒక గుండు మధ్యలో ఇరుక్కుని ఉండగా ఇంకొకటి పేల్చారని అర్థం. చప్పుడు తక్కువగా వచ్చిన ప్రతిసారీ ఆపి బ్యారెల్‌లోకి కడ్డీ దూర్చి చూడాలన్నది అందుకే. బ్యారెల్ వెనక కొసలో పగుళ్లు, సన్నని గీతలు వెతకండి. పై పట్టీ కింద గ్యాస్ కోసిన చిన్న గీత మాత్రం కంగారు పడాల్సింది కాదు, కొంత లోతుకి చేరి ఆగుతుంది.

స్ప్రింగులు, స్క్రూలు

కోల్ట్‌లో అందరికంటే ముందు విరిగేది ట్రిగ్గర్, బోల్ట్ రెంటినీ నొక్కి ఉంచే చీలిన పట్టీ స్ప్రింగ్. తర్వాత హ్యాండ్ వెనక అతికించిన చిన్న పట్టీ. పట్టీ స్ప్రింగ్ ఎప్పుడూ ఒక గీత దగ్గరే విరుగుతుంది. కొత్త స్ప్రింగ్‌ని వేసే ముందు అంచుల్నీ రెండు ముఖాల్నీ 400, తర్వాత 600 నంబరు గరుకు కాగితంతో పొడవు వెంట మాత్రమే రుద్దండి. అడ్డంగా రుద్దితే మీరే విరుపుకి దారి వేసినవారవుతారు. తీగతో చేసిన స్ప్రింగ్‌లు దొరుకుతాయి, వాటి ఆయుష్షు ఎక్కువ. పాత సొంత ముక్కని పారేయకండి, సంచిలో వేసి తుపాకీతోపాటు ఉంచండి.

విప్పే వరుస ఇది. బేస్ పిన్, సిలిండర్ తీయండి. పిడి చెక్కలు తీయండి, స్క్రూ తీశాక లోపలి నుంచి నెట్టాలి, అంచున పుల్ల పెట్టి పెకలిస్తే చెక్క చిట్లుతుంది. హ్యామర్‌ని ముందుకు తోసే మెయిన్ స్ప్రింగ్ స్క్రూ వదులు చేయండి. బ్యాక్‌స్ట్రాప్ మూడు స్క్రూలు, అంటే హ్యామర్‌కి ఇరువైపులా ఉన్న రెండూ, పిడి అడుగున ఒకటీ. తర్వాత ట్రిగ్గర్ గార్డ్. ఇప్పుడు చీలిన స్ప్రింగ్, ట్రిగ్గర్, బోల్ట్, చివరగా హ్యామర్, దానితో హ్యాండ్. ఒక్కో స్క్రూని ఒక అట్టముక్క మీద తుపాకీ బొమ్మ గీసి ఆయా చోట్ల గుచ్చండి. చూడ్డానికి ఒకలా ఉన్నా పొడవులు వేరు.

స్క్రూ డ్రైవర్ కొస గాడి పొడవూ మందమూ నింపాలి. మామూలు డ్రైవర్ల కొస చీలికలా ఉండి పైఅంచునే పట్టి గాడిని చింపేస్తుంది. కదలని స్క్రూకి చొచ్చుకుపోయే నూనె వేసి రాత్రంతా వదిలేయండి. బిగించేటప్పుడు విప్పదీయగలిగే నీలం రకం లాకింగ్ ద్రవం ఒక్క చుక్క చాలు. ఈ తుపాకీల్లో ప్రతి పేలుడుకీ స్క్రూలు వదులవుతాయి, యాభై గుండ్లకోసారి అన్నింటినీ తడమండి. కాల్చిన కేసుల్ని బయటికి నెట్టే ఎజెక్టర్ గొట్టం స్క్రూ ముందుగా వదులయ్యేది. దాని మర పాడైతే బ్యారెల్‌లోని మర పాడైనట్టే.

బేస్ పిన్ వెనక్కి తన్నే దెబ్బకి ముందుకు జారుతుంటే గొళ్లెం స్ప్రింగ్ మార్చండి, పిన్ మీది గాడి అంచు గుండ్రబడిందేమో చూడండి. పిన్ జారితే సిలిండర్ ఒరిగి తిరగదు.

చేతి అలవాట్లు

నింపే వరుస: సగం లాగుడు, గేట్ తెరవండి, ఒకటి పెట్టండి, ఒకటి వదలండి, నాలుగు పెట్టండి, గేట్ మూయండి, పూర్తిగా వెనక్కి లాగి మెల్లగా దించండి. హ్యామర్ ఖాళీ ఛాంబర్ మీద దిగుతుంది. పాత కోల్ట్‌కీ, మార్పు చేయని పాత రూగర్‌కీ ఐదే తూటాలు. రూగర్ 1973కి ముందరి తన రివాల్వర్లకు, ట్రిగ్గర్ నొక్కితే తప్ప పేలనివ్వని భద్రతా పట్టీని ఉచితంగా అమరుస్తుంది, తీసిన పాత ముక్కల్ని తిరిగి ఇస్తుంది.

సగం లాగుడు నుంచి హ్యామర్‌ని నేరుగా దించకండి. అప్పటికి సిలిండర్ గంటులకి సరిగ్గా లేదు, బోల్ట్ గంటుల మధ్య పడి గీస్తుంది. ముందు పూర్తిగా వెనక్కి, తర్వాతే కిందికి. వడ్డాణం గీతలు సగానికి సగం ఈ ఒక్క పొరపాటు వల్లే. సగం లాగుడులో ట్రిగ్గర్ నొక్కకండి, ఆ గంటు పెదవి విరుగుతుంది. అరచేత్తో హ్యామర్‌ని కొట్టి వరసగా కాల్చే వినోదం బోల్ట్‌నీ గంటుల్నీ ఒక్క సాయంత్రంలో ఏళ్ల అరుగుదలకి గురిచేస్తుంది.

శుభ్రం చేయడం, దాచడం

బ్లాక్ పౌడర్ మసిలో పొటాషియం లవణాలుంటాయి. అవి గాలిలోని తేమని పీల్చి రాత్రికి రాత్రే తుప్పు పట్టిస్తాయి. కాల్చిన రోజే కడగాలి. చెక్కలు తీసి, వేడి నీళ్లలో రెండు చుక్కల పాత్రల సబ్బు వేసి బ్యారెల్, సిలిండర్ బ్రష్‌తో తోమి, ఉత్త వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, వేడి ఉండగానే నూనె రాయండి. పాత తూటాల్లోని క్లోరేట్ ప్రైమర్లూ ఉప్పునే మిగులుస్తాయి, వాటికీ నీళ్లే మందు. సాల్వెంట్ ఉప్పుని కరిగించదు.

బ్యారెల్‌ని ముందు నుంచే శుభ్రం చేయక తప్పదు, కాబట్టి కడ్డీ మూతి అంచుకి రాసుకోకుండా గైడ్ వాడండి. బ్రష్ పూర్తిగా ఫ్రేమ్ కిటికీలోకి వచ్చాకే వెనక్కి లాగండి. కిటికీలో మడిచిన గుడ్డ పెట్టండి, లేకపోతే కడ్డీ కొస వెనక పలకని, సుత్తిముక్కు రంధ్రం అంచుని కొడుతుంది. నికెల్ పూత ఉంటే అమ్మోనియా గల రాగి సాల్వెంట్ దాని దరిదాపులకి రానివ్వకండి. ఫ్రేమ్ మీది నీలి గోధుమ రంగుల మచ్చలు మరకలు కావు, గట్టిపరిచినప్పుడు వచ్చిన సొంత రంగులు. మెరుగు పొడితో రుద్దితే పోతాయి, తిరిగి రావు.

తోలు హోల్‌స్టర్‌లో దాచకండి, తోలు తేమనీ అందులోని లవణాల్నీ లోహానికి పట్టిస్తుంది. సిలికాన్ పట్టిన గుడ్డ తొడుగు, తేమ పీల్చే గింజల పొట్లం మేలు. మూడు నెలలకోసారి తీసి చెక్కల కింద, ఎజెక్టర్ గొట్టం లోపల, బేస్ పిన్ రంధ్రంలో చూడండి. తుప్పు మొదలయ్యేది కంటికి కనపడని ఈ మూడు చోట్లే.

అట్టపెట్టెలో ఉంచుకోవాల్సిన విడిభాగాలు: చీలిన స్ప్రింగులు రెండు, స్ప్రింగ్‌తో హ్యాండ్ ఒకటి, బోల్ట్ ఒకటి, ట్రిగ్గర్ ఒకటి, బేస్ పిన్ గొళ్లెం స్ప్రింగ్ ఒకటి, స్క్రూల సెట్ ఒకటి. హ్యాండ్, బోల్ట్, ట్రిగ్గర్ కొనగానే బిగించడానికి కుదరవు, మీ తుపాకీకి అమర్చి, లయ పరీక్ష పాస్ అయ్యాకే పెట్టెలో పెట్టండి. విరిగిన రోజున నూనెరాయి వెతుక్కోకుండా ఆ ముక్క నేరుగా కూర్చుంటుంది.